ఆచార్య సూరి భగవంతముగారు

మన బేగంపేట యందలి నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వశమయ్యెను. ఆ విశ్వవిద్యాలయమునకు 1952 మొదలు 1957 వఱకు ఉపాధ్యక్షులుగా నుండిన సూరి భగవంతముగారి చరిత్రమును మా బాలబాలికలకై సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1909 అక్టోబరు 14వ తేదీని నాటి కృష్ణా మండలమందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టము నొంది, 1928లో కలకత్తా చేరి, చంద్రశేఖర వేంకటరామనుగారికి శిష్యులైరి. అచట వారు పరిశోధించిన వస్తువులలో నొకటి నఫ్తలీను. బట్టల పెట్టెలలో మనము వేయు కలరా యుండ యిదియే. అయస్కాంతము దీనిని మిక్కిలి స్వల్పముగా వికర్షించును. స్ఫటికమునందు ఆ వికర్షణము దిక్కును బట్టి మాఱును. భగవంతముగారు ఆ భేదమును గొలిచి, లోపలి అణువుల యమరికను దానితో ముడివెట్టి, 1929లో ప్రకటించిరి. అప్పటికి వారి ప్రాయము ఇరువదియేండ్లకు మించదు.

1932లో వారు వాల్తేరు నందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఉపన్యాసకులైరి. పిదప పదవులు వరుసగా వచ్చెను. ఉస్మానియా తరువాత బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులైరి. 1961 మొదలు 1969 వఱకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారులుగా నుండిరి.

అధికారము చేరినచోట చదువు అడుగంటుట లోకమున సామాన్యము. భగవంతముగారి విషయమున అట్లు జరుగలేదు. సలహాదారులుగా నున్న 1964లోనే వారు అయస్కాంత స్ఫటికముల సౌష్ఠవమును గూర్చి పంతులుగారితో గలసి వ్యాసము ప్రకటించిరి. సామాన్య స్ఫటికములకు పరమాణువుల యమరికను బట్టి 32 తరగతులు గలవు. అయస్కాంత స్ఫటికమునందలి పరమాణువులలో చిన్న అయస్కాంతములవంటివి యుండును గనుక, అవి యే దిక్కునకు మొగమై యున్నవో యదియు లెక్కకు వచ్చును. తరగతులు 90 అగును. ఏ తరగతి స్ఫటికమునకు ఏ గుణము పొసగునో, ఏది పొసగదో ఈ గణితము ముందే తెలుపును. 1966లో వారు స్ఫటిక సౌష్ఠవమును గూర్చి గ్రంథమును వెలువరించిరి.

ఈ విచారము యొక్క ప్రయోజన మెట్టిదో యొక యుదాహరణముచే తెలిసికొందము. పూర్వము ఇంటి నక్షాల కాగితమునకు నీలివన్నె నిచ్చిన ప్రష్యన్ నీలమునందు, ఇనుప పరమాణువులు సయనైడు వంతెనలచే వలవలె కూర్పబడి యున్నవి. ఇది సున్నకు దిగువ 267 డిగ్రీలకంటె చల్లబడినగాని అయస్కాంతము కాదు. ఇట్టి వలయందే వెనేడియమును క్రోమియమును జేర్చి, 42 డిగ్రీల వేడిమి వఱకు అయస్కాంతముగా నిలుచు పదార్థమును ఫ్రాన్సు దేశీయులు 1995లో ప్రకటించిరి. ఇట్టివాని గుణములను విచారించువారికి సౌష్ఠవ జ్ఞానము తొలిమెట్టు.

భగవంతముగారు 1989లో దివంగతులైరి. పరీక్ష ముగియగనే పుస్తకమును మూయు మన బాలబాలికలు, పదవుల నడుమ సైతము పుస్తకమును మూయని ఈ మహనీయుని స్మరింతురుగాక.