మట్టి గొట్టంతో గాలిని వేరుచేసిన థామస్ గ్రాహం

ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో గ్రాహం వాయు వ్యాపన నియమాన్ని మనలో చాలామందిమి బట్టీ పట్టినవాళ్లమే. ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు సిటీ బస్సులో నిలబడి వెళ్తూ ఆ సూత్రాన్ని వల్లెవేశాం. మార్కులు వచ్చాయి. కానీ ఆ గ్రాహం ఎవరో, చదువు కోసం ఎంత కష్టపడ్డారో ఆ రోజుల్లో మనకు తెలియదు.

థామస్ గ్రాహం 1805లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి బట్టల తయారీదారు, ధనవంతుడు. కొడుకు మతబోధకుడు కావాలని ఆయన పట్టుదల. గ్రాహం మనసేమో రసాయన శాస్త్రం మీద. మాట వినలేదని తండ్రి డబ్బు ఆపేశారు. అప్పుడు తల్లి, సోదరి అండగా నిలిచారు. రచనలతో వచ్చిన తొలి సంపాదనను ఆయన వారికి కానుకలు కొనడానికే ఖర్చు చేశారట. ఆయనలా మనం ధనవంతుల ఇళ్ల నుంచి రాలేదు. అయినా ఇంటి నుంచి పైసా రాని నెలలు మనకు తెలుసు. మన చదువు కోసం తాము చదువు మానేసిన అక్కలూ తెలుసు.

గ్రాహం 1829లో గ్లాస్గోలో కార్మికుల కోసం పెట్టిన విద్యాసంస్థలో పాఠాలు చెప్పారు. మరుసటి ఏడాది ఆండర్సన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. సన్న రంధ్రాలున్న ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్ల గుండా వాయువులను పంపి, తేలికైనది త్వరగా, బరువైనది నెమ్మదిగా వెళ్తుందని లెక్క కట్టారు. ఆక్సిజన్ కంటే హైడ్రోజన్ నాలుగు రెట్లు వేగంగా వెళ్తుంది. మనం చదివిన నియమం ఇదే.

1837లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి వెళ్లారు. 1841లో లండన్ కెమికల్ సొసైటీకి మొదటి అధ్యక్షులయ్యారు. 1855 నుంచి ప్రభుత్వ టంకశాల అధిపతిగా ఉంటూనే ప్రయోగాలు సాగించారు. 1861లో పార్చ్‌మెంట్ కాగితం గుండా ద్రావణాలను వేరుచేసి, ఆ పద్ధతికి డయాలసిస్ అని పేరు పెట్టారు. నేడు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో కిడ్నీ రోగులను కాపాడుతున్నది ఆ సూత్రమే.

1863 నాటి ప్రయోగం మనకు మరీ నచ్చింది. పొగ తాగే మట్టి పైపు కాడను గాజు గొట్టంలో బిగించి, కాడలోకి వాయు మిశ్రమాన్ని పంపారు. చుట్టూ గాలి తీసేశారు. కొత్త కుండ నీటిని చెమర్చినట్టు ఆ మట్టి గోడ గుండా తేలికైన వాయువు ఎక్కువగా బయటికి వెళ్లింది. అంత చౌక వస్తువుతో వాయువులను కొంతమేర వేరుచేయగలిగారు.

ఇప్పుడు ఫ్యాక్టరీలు వాడే సిరామిక్ మెంబ్రేన్లకు మూలం ఈ ఆలోచనే. మన వీధుల్లోని ఆర్.ఓ. ప్లాంట్లలో ఉండేది ప్లాస్టిక్ జాతి పొర. అది ఎక్కువ వేడికి, ఘాటైన రసాయనాలకు తట్టుకోలేదు. సిరామిక్ తట్టుకుంటుంది, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. చిక్కంతా ఖరీదు దగ్గరే. అల్యూమినా ధర ఎక్కువ, కాల్చడానికి వేడీ ఎక్కువ కావాలి. అందుకే కేయోలిన్ మట్టితో, థర్మల్ కేంద్రాల బూడిదతో చౌకగా చేయాలని మన దేశంలోనూ పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు.

గ్రాహం 1869లో మరణించారు. ఎల్.బి.నగర్‌కు అంత దూరం లేని బాలాపూర్‌లో సిరామిక్స్ మీద పరిశోధన చేసే ఏ.ఆర్.సి.ఐ. ఉంది, తార్నాకలో ఐ.ఐ.సి.టి. ఉంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆ గేట్ల ముందు నుంచి బస్సులో వెళ్లేటప్పుడు అవి మనవి కావనుకోకండి. మట్టి పని మన ఇళ్లకు కొత్త కాదు.