కానూరి లక్ష్మణరావుగారు

మన పూండి జలాశయమునకు కృష్ణానది నీరు వచ్చు సంగతి తిరువళ్ళూరు పిల్లలకు చెప్పనక్కరలేదు. ఆ కృష్ణమీద పుట్టిన విద్యుత్తుకును మన ఊళ్ళకును తీగల బంధుత్వము కలదని ఎరిగినవారు తక్కువ. ఆ బంధుత్వము కలిపినవారిలో ముఖ్యులైన డాక్టరు కానూరి లక్ష్మణరావుగారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

వీరు కృష్ణాజిల్లా కంకిపాడులో 1902 జూలై 15న జన్మించిరి. తొమ్మిదవ యేట తండ్రి గతించెను. చదువుకొను దినములలోనే గాయమై ఒక కంటి చూపు పోయెను. పటములు గీయుట, కొలతలు చూచుట ప్రాణమైన ఇంజనీరు విద్యకు ఒంటికంటితో పూనుకొనుట ఎట్టిదో, రేఖాగణితము చేయునపుడు ఒక కన్ను మూసికొని చూచిన పిల్లలకు తెలియును. మదరాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టము మొదట పొందినవారు వీరే. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు గడించిరి. రంగూనులో ఆచార్యులుగను ఉండిరి. స్వదేశమునకు వచ్చి గోదావరిపై తలపెట్టిన రామపాదసాగరము పనిని, పిమ్మట ఢిల్లీలో అనేక ఆనకట్టల పనిని చూచిరి. 1962లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికై, మరుసటి సంవత్సరము కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రియైరి. 1973 వరకు ఆ పదవిలో నుండిరి.

విద్యుత్తు వడ్లవలె గాదెలో పోసి దాచునది కాదు. పుట్టిన క్షణముననే ఖర్చు కావలెను. ఖర్చగు క్షణముననే పుట్టవలెను. త్రాసు ఒకవైపు ఒరిగినచో సెకనుకు 50 ఆవృత్తులతో నడువవలసిన ప్రవాహము తప్పటడుగులు వేయును. మరీ ఒరిగినచో దేశమే చీకటియగును. నాడు ఏ రాష్ట్రపు తీగలు ఆ రాష్ట్రమునవే. ఒకచోట జలాశయము పొర్లుచుండగా పక్కచోట దీపము లారిపోవుచుండెను. లక్ష్మణరావుగారు మంత్రిగానున్న 1964లో దేశమును ఐదు మండలములుగా పంచి ప్రాంతీయ విద్యుద్మండలులను స్థాపించిరి. ఆంధ్ర, మదరాసు, మైసూరు, కేరళ రాష్ట్రములు దక్షిణ మండలమున చేరినవి. దానికి బెంగుళూరు కేంద్రము. నదుల నీటికై ఇరుగుపొరుగులు తగవులాడుచున్న కాలమది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రనుండి మదరాసు రాష్ట్రమునకు మారినపుడు సరిహద్దు అనగా నేమో మన పెద్దలకు బాగుగ తెలిసివచ్చెను. అట్టి సరిహద్దులు దాటి తీగలు కలిపించుట లెక్కలతో మాత్రమే తీరు పని కాదు.

గాలిమరల విద్యుత్తుకు వీరే కారకులని చెప్పము. వారు మంత్రిగానున్న నాడు ఆ ప్రశ్నయే లేదు. నేడు తమిళనాట 10,000 మెగావాట్లకు మించిన గాలిమరలు కలవు. మే మొదలు సెప్టెంబరు వరకు పాలఘాటు, ఆరల్వాయిమొళి కనుమలలో గాలి విజృంభించును. మనము నిద్రించు రేయి కూడ వీచును. పిలిచినపుడు రాదు, పొమ్మన్న పోదు. అది చటుక్కున తగ్గినపుడు దూరపు కేంద్రములు ఆదుకొనవలెను. తీగల వల ఎంత విశాలమైన అంత మేలు. అన్నిచోట్ల గాలి ఒక్కమారే ఆగదు గదా! 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు తీగతో దక్షిణ మండలము తక్కిన దేశముతో ఒక్క లయగా కలిసినది.

రెండవ ఉపాయము నీరు. లక్ష్మణరావుగారి పేరుతో విడదీయరాని నాగార్జునసాగరమున ఏడు యంత్రములు ఇరువైపుల తిరుగునవి. నీరు దిగునపుడు విద్యుత్తు పుట్టించును. విద్యుత్తు మిగిలినపుడు ఆ నీటినే మరల పైకెత్తును. విద్యుత్తును దాచు గాదె యనిన ఇదియే. అయితే దిగువన నీరు నిలుపు జలాశయము లేక ఆ యంత్రములు చిరకాలము ఆ రెండవ పని సరిగా చేయలేకపోయినవి. యంత్రము కొని తోడి కట్టడము మరచుట మనవారికి క్రొత్త కాదు. కోయంబత్తూరు జిల్లాలోని 400 మెగావాట్ల కడంపారై కేంద్రముకూడ ఈ పద్ధతిదే.

వారి తలపులన్నియు ఫలించెననుట కాదు. గంగను కావేరితో కలుపవలెనని 1972లో వారు వేసిన పథకమునకు నీరెత్తుటకే వేల మెగావాట్లు కావలసివచ్చెను. అది కాగితముల మీదనే నిలిచెను.

1986 మే 18న వారు పరమపదించిరి. నాగార్జునసాగరమునకు దిగువన కృష్ణపై కట్టిన పులిచింతల ప్రాజెక్టుకు వారి పేరు పెట్టిరి. అచ్చట 120 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము కలదు.