ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారును పురపాలనమును

పురపాలక సంఘము నెలనెలా చేయు పని చూచువారికి సొంపైనది కాదు. వీధిదీపముల మరమ్మతు, మురుగుకాలువల పూడికతీత, కుళాయినీటి వంతులు, తైబజారు వేలము, సంఘపు దుకాణముల అద్దెలు, ఇంటిపన్ను బకాయీలు, జనన మరణముల నమోదు, ఇవియే చర్చకు వచ్చు నంశములు. మదనపల్లెలోనైనను, పుంగనూరులోనైనను, కుప్పములోనైనను సభాభవనమున వినిపించు మాటలివియే. ఏటికి కొన్ని దినములు మాత్రము సంఘమునకు పండుగకళ వచ్చును. ఆగస్టు 15న పతాకము నెగురవేయుదురు. మహనీయుల జయంతులకు విగ్రహములకు పూలమాలలు వేయుదురు. పుంగనూరున సుగుటూరు గంగమ్మ జాతర వచ్చినను, కుప్పమున తిరుపతి గంగమ్మ జాతర వచ్చినను, యాత్రికులకు త్రాగునీరు, దీపములు, పారిశుద్ధ్యము కావలసియుండును. జాతర ముగిసి, మాలలు వాడిన మరునాడు మరల కాలువల మాటయే, పన్నుల మాటయే.

ఈ మూడు పట్టణములలో మదనపల్లె 1961వ సంవత్సరమునుండి పురపాలక సంఘము. కుప్పము పంచాయతీగా నుండి పురపాలక సంఘమై, 2021 నవంబరులో తొలి ఎన్నికను చూచినది. పుంగనూరు, కుప్పము ప్రాంతముల ప్రజల తాతముత్తాతలు తమ కష్టసుఖములను పుంగనూరు జమీందారుగారి కచేరీలోను, కంగుంది జమీందారుగారి కచేరీలోను విన్నవించుకొనినవారు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో ఆ జమీందారీ లంతరించినవి. విన్నపము పోయి ఓటు వచ్చినది. అయినను, గ్రామము పట్టణమని పేరు పొందిన దినమున సామాన్య గృహస్థుడు మొట్టమొదట విచారించునది పన్నెంత పెరుగునన్న సంగతియే. ఇది సంకుచితబుద్ధి యని త్రోసివేయు విద్యావంతులు కలరు. మాకట్లు తోచదు. ఈ ప్రశ్న నడిగినందుకే ఒకప్పుడు ఆంధ్రదేశమున ఒక ఊరికి ఊరే ఇండ్లు విడిచి తోటలపాలైనది. ఆ ప్రజలను నడిపించినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఏటేట జూన్ 2న వారి జయంతికి మాల వేయుటతో మన ఋణము తీరలేదని మా యభిప్రాయము గనుక, వారి చరిత్రను పాఠకులకు జ్ఞప్తి చేయుచున్నాము.

గోపాలకృష్ణయ్యగారు 1889వ సంవత్సరము జూన్ 2న కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలున జన్మించిరి. పుట్టిన కొలది దినములకే తల్లి గతించెను. పసితనమునందే తండ్రియు పోయెను. నాయనమ్మ, పినతండ్రుల పోషణమున పెరిగిరి. బాల్యమునుండి పాఠ్యపుస్తకములకంటె నాటకములయందును, సంగీతమునందును మక్కువ మెండు. గుంటూరులో చదువుకొని, బాపట్ల తాలూకా కచేరీలో కొలదికాలము ఉద్యోగము చేసిరి. ఆ కచేరీ చాకిరి వారి స్వభావమునకు సరిపడలేదు. 1911వ సంవత్సరమున మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో కూడి సముద్రము దాటి, ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి ఎం.ఏ. పట్టము పొందిరి. అక్కడ వారు ముఖ్యముగా అభ్యసించినది అర్థశాస్త్రము. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. చీరాలలో పన్నునుగూర్చి మాటాడినవారు పన్నుల శాస్త్ర మెరుగని ఆవేశపరులు కారు.

విదేశమున నున్నను వారి మనసు స్వదేశవిద్యలపైననే యుండెను. కళాతత్త్వజ్ఞులైన ఆనందకుమారస్వామిగారి సాహచర్యము లభింపగా, ఉభయులును నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున ననువదించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయముచే ప్రకటింపబడెను. స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును కొంతకాలము అధ్యాపకులుగా నుండిరి. పైవారి మెప్పుకొరకు తమ మాట మార్చుకొనువారు కాకపోవుటచే ఎక్కడను చిరకాలము నిలువలేదు. పిదప చీరాలను తమ నివాసముగా జేసికొని, విద్యాగోష్ఠి నేర్పరచి, యువకులకు సంస్కృతాంధ్రములు, దేశభక్తి బోధింప నారంభించిరి. వారు సభలో నిలిచి పాడినను, చాటువు చెప్పినను, వేళాకోళము చేసినను పండితుడును పామరుడును సమముగా నానందించెడివారట.

మదనపల్లెతో మనవారికి 1919వ సంవత్సరమున ఒక మంచి జ్ఞాపకము కలదు. అనిబిసెంటుగారు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు రవీంద్రులు విచ్చేసి, జనగణమన గీతమును ఆంగ్లమున పరివర్తనము చేసిన సంవత్సర మది. ఆ సంవత్సరమే చీరాలకు మాత్రము చేటు తెచ్చినది. అంతవరకు చీరాల, పేరాల, వాటి ప్రక్కనున్న జాండ్రపేట, వీరరాఘవపేట గ్రామములు యూనియనుగా నుండెను. ప్రజలలో చేనేత పనివారు, చిన్న వ్యాపారులు, కూలీలు మెండు. చెన్నపట్టణ ప్రభుత్వమువారు వీనిని పురపాలక సంఘముగా మార్ప నిశ్చయించిరి. ప్రజలు అభ్యంతరము తెలుపగా జాండ్రపేట, వీరరాఘవపేటలను విడిచిరి కాని చీరాల పేరాలలను విడువలేదు. యూనియను కాలమున సుమారు 4 వేల రూపాయలుగా నుండిన పన్ను పురపాలక సంఘములో 40 వేల వరకు పెరుగునని లెక్క తేలెను. పదిరెట్లు! జనసంఖ్య చూడగా 15 వేల పైచిలుకు. మగ్గముపై దినవెచ్చము గడుపుకొను కుటుంబమున కీ భారమెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రజలు మొదట చేసినది ధర్మసమ్మతమైన పనియే. అర్జీలు పంపిరి. సభలు చేసిరి. తమకు యూనియనే చాలునని మొరపెట్టుకొనిరి. ప్రభుత్వమువారు చెవినిబెట్టలేదు. సంఘసభ్యులు రాజీనామా లిచ్చిరి. అప్పుడు ప్రభుత్వము నియమించినవారి చేతిమీదుగా సంఘము నడువసాగెను. ఇది యెంత విపరీతమో చూడుడు. స్థానిక స్వపరిపాలన మని పేరు. దానిని కోరిన ప్రజలు లేరు, కూర్చుండు ప్రతినిధులు లేరు. పన్ను మాత్రము కలదు. 1920 డిసెంబరు నుండి ఆ శాఖకు మంత్రిగా నున్నవారు కాళహస్తివాసులైన పానగంటి రామరాయణింగారు. తెలుగువారే మంత్రిగా నున్నను తెలుగుపట్టణము మొర ఆలకింపబడలేదు.

ఈ సమయమున గోపాలకృష్ణయ్యగారు ప్రజలకు నాయకులైరి. పన్ను నిరాకరింపుడని బోధించిరి. పన్ను చెల్లించనివారిపై వ్యాజ్యములు నడిచినవి. పలువురు జైలుకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండుట ఆ యూరి దార్ఢ్యమునకు సాక్ష్యము. ప్రజలను క్రమశిక్షణలో నుంచుటకై వారు రామదండు అను స్వచ్ఛందసేవకుల దళమును నిర్మించిరి. కాషాయవస్త్రములు, రుద్రాక్షమాలలు, నుదుట కుంకుమ ధరించిన ఆ దండు రామభజన చేయుచు వీధులలో నడచునప్పుడు చూచువారికి ఉత్సవమువలె నుండెడిది. కాని ఆ దండు భజనతో తృప్తి చెందలేదు. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు వేలకొలది జనమును అదుపులో నుంచి సేవ చేసి పేరు గాంచెను. భక్తిని పౌరసేవకు పూన్చిన నేర్పు గోపాలకృష్ణయ్యగారిది.

ఆ సమావేశమైన పిమ్మట మహాత్మాగాంధిగారు చీరాలకు వచ్చిరి. వారు చూపిన మార్గములు రెండు. ఊరిలోనే యుండి, ఎంత బాధ కలిగినను అహింస తప్పక పన్ను నిరాకరించుట యొకటి. పురపాలక సంఘపు ఎల్లలు దాటి ఊరు విడిచిపోవుట రెండవది. ఏది చేసినను ప్రజలు తమ బలముపైననే యాధారపడవలెనని వారి భావము. గోపాలకృష్ణయ్యగారును ప్రజలును రెండవదానిని ఎన్నుకొనిరి. ఇల్లు లేనిచో ఇంటిపన్ను లేదు. ఎల్లలు దాటినచో సంఘాధికారము లేదు. 1921 ఏప్రిలు చివర, ఎండలు మండు దినములలో, 13 వేలకు పైగా జనము పిల్లాజెల్లలతో, సామానులతో ఊరు వెడలిరి. ఎల్లలకు వెలుపల పాకలు వేసికొనిరి. ఆ నూతననివాసమునకు రామనగర మని పేరిడిరి.

పన్ను ఇచ్చుట కిష్టములేక పారిపోయిన గుంపు ఇది యని తలంచువారు రామనగరమును చక్కగా పరిశీలింపవలెను. ఊరు విడిచిన ప్రజలు పాలన విడువలేదు. వారు తమకై ప్రతినిధులను ఎన్నుకొనిరి. తగవులు తీర్చుటకు పంచాయతీ కోర్టు నేర్పరచుకొనిరి. రామదండువారు కావలి కాచిరి. పాలనమును తమ చేతులలోనికి తీసికొనుటయే తప్ప దానిని ధిక్కరించుట వారి యుద్దేశము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? పట్టణమునకు శుభ్రత అక్కరలేదని వారనలేదు. తమ్ము నడుగక, తమ శక్తిని లెక్కింపక, తమ పేరిట మరియొకరు ఖర్చు నిర్ణయించుట కూడదనిరి.

ఎండాకాలము గడచెను. వానలు వచ్చినవి. పాకలు కురిసినవి. పనులు లేక నేతగాండ్రు కష్టపడిరి. ఉద్యమమునకు ధనము కావలసియుండెను. ధనమునకై సంచరించుచున్న గోపాలకృష్ణయ్యగారు గంజాము జిల్లా బరంపురమునకు పోయి, అచట నిషేధాజ్ఞ నుల్లంఘించి మాటాడినందుకు 1921వ సంవత్సరముననే పట్టుబడి, ఒక సంవత్సరము శిక్ష పొంది తిరుచిరాపల్లి జైలున నుంచబడిరి. నాయకుడు లేని జనము ఇంకను కొన్ని నెలలు నిలిచిరి. మొత్తము పదునొకండు మాసములు రామనగరమున కాపురముండి, కడకు ఇండ్లకు తిరిగి వచ్చిరి. పురపాలక సంఘము తొలగలేదు. నేటికిని చీరాల పురపాలక సంఘమే.

కావున ఉద్యమ మోడిపోయెనని కొంద రందురు. ఫలితమును మాత్రమే చూచినచో ఆ మాట అబద్ధము కాదు. దానిని దాచి పొగడుట చనిపోయిన మహనీయునికి మర్యాద కాదు. ప్రభుత్వపక్షమునను కొంత వాదము కలదు. 15 వేల జనము దగ్గర దగ్గరగా నివసించుచోట మురుగు, మంచినీరు, అంటువ్యాధులు అను సమస్యలు యూనియను స్వల్పాదాయముతో తీరునవి కావు. ఇది నిజమే. కాని ఆ నిజమును ప్రజలకు నచ్చజెప్పి, భారమును మెల్లమెల్లగా పెంచి, పన్నువలన కలుగు మేలును ముందుగా కంటికి కనబరచిన పాలకు లెవ్వరు? నచ్చజెప్పవలసినచోట నోటీసు పంపిరి. అందుచే పారిశుద్ధ్యమునకై పుట్టిన సంఘము జనశూన్యమైన వీధులకు అధికారియై కూర్చుండెను. ఈ పాఠమును 1921లో నేర్చుకొనిన దక్షిణదేశము మరువరాదు.

కారాగారమునుండి వెలువడిన పిదప గోపాలకృష్ణయ్యగారు కాంగ్రెసులోను, అటుపిమ్మట స్వరాజ్యపక్షమునను పనిచేసిరి. సాధన యను పత్రికను నడిపిరి. కలిగిన దానిని ప్రజలకొరకు వెచ్చించి, తాము దారిద్ర్యమున మునిగిరి. క్షయరోగము వారిని పీడింపగా 1928వ సంవత్సరము జూన్ 10న, నలువదేండ్లు నిండకమునుపే, పరమపదించిరి. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయమునకు ఆంధ్రరత్న భవనమను పేరు వారి స్మృత్యర్థమై కలిగినదే.

నేటి పరిస్థితి వేరు. పన్ను విధించువారు మన ఓటుతో వచ్చినవారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘములకు రాజ్యాంగమున స్థానమిచ్చినది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల పట్టణములలో వార్డు సంఘములుండవలెనని ఆ సవరణ విధించినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి చిన్న పట్టణములకు రాజ్యాంగము అట్టి విధి నేర్పరుపలేదు. అనగా ఇచట పౌరుని శ్రద్ధకు మారుగా నిలుచు ఏర్పాటు తక్కువ. ఆ శ్రద్ధ యంత యెక్కువగా కావలెను. 2020వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున ఇంటిపన్నును అద్దెవిలువపై గాక ఆస్తి మూలధనవిలువపై విధించునట్లు చట్టము సవరింపబడినప్పుడు అన్ని పట్టణములలోను కలవరము పుట్టినది. ఆ కలవరము న్యాయమే. కాని ఇంటిపన్ను నోటీసు రాగానే కోపగించు గృహస్థులలో సంఘపు వార్షిక ఆదాయవ్యయ పట్టికను చూచినవారెందరు? తైబజారు ఎంతకు పోయినదో, కాలువపనికి ఎంత వెచ్చించిరో అడిగినవారెందరు? సొంత పొలము కౌలుకిచ్చిన రైతు కౌలుమొత్తమును మరచునా? తన దుకాణపు చిట్టాను వర్తకుడు చూడక యుండునా? పట్టణపు చిట్టాయు మనదే.

కోపము ఒక దినమున పుట్టును. లెక్కలు చూచు నోపిక ఏడాది పొడుగునను కావలెను. రామనగరములో పాకలక్రింద వానలో తడిసిన నేతగాండ్రు ప్రతినిధుల నెన్నుకొని, తగవులు తీర్చుకొని, కావలి కాచుకొనిరి. నేడు పక్కా ఇండ్లలో నున్న మనము నెలకొక పూటయైనను పట్టణకార్యమునకు కేటాయింపలేమా? విద్యావంతులును, భూస్వాములును, వర్తకులును తమ వార్డు సభ్యుని ఇంటికి పోయి, రాబోవు సమావేశపు అజెండా ఏమని అడుగుట నారంభింతురుగాక. జూన్ 2న విగ్రహమునకు మాల వేసిన చేతితోనే ఆ సంవత్సరపు పద్దుల కాగితమును తెరచి చూతురుగాక. అర్థశాస్త్రము చదివి, నేతగానికొరకు చెరసాలకు పోయిన ఆ మహనీయునికి అంతకంటె తగిన పూజ మాకు కనబడదు.