కలము విడువని ఆళ్వారుస్వామి

మన గ్రంథాలయమునకు వచ్చు చదువరులలో డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించుచున్న యువకులును గలరు. సిద్ధాంత గ్రంథ రచన మొదటి యేడు ఉత్సాహముతో సాగి, మూడవ యేట మందగించుటయు, సగము వ్రాసిన కాగితములు పెట్టెలో నుండిపోవుటయు వారెరిగినదే. అట్టివారు డాక్టరు పట్టము మాట యటుంచి, బడిచదువైనను సక్రమముగ లభింపని యొక రచయిత జీవితమును తెలిసికొనదగును.

శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1915 నవంబరు 1వ తేదీన నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమున చెరువు మాదారములో జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతించెను. ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు, ఆ పని నడుమ అక్షరములు నేర్చిరి. పిదప విజయవాడలో హోటలు పనియు, హైదరాబాదున గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దు పనియు చేసిరి. పరుల వ్రాతలోని తప్పులు దిద్దుచు వ్రాత నేర్చుట యొక విధమైన విశ్వవిద్యాలయమే గదా!

1938లో వారు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. నిజాం ప్రభుత్వమున ఉర్దూ రాజభాష. తెలుగు పుస్తకము పల్లెలో కంటబడుటయే అరుదు. ఆళ్వారుస్వామిగారు అచ్చువేయించిన పుస్తకములను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. గ్రంథమాల ముప్పదికి పైగా పుస్తకములను వెలువరించెను. ఆ తిరుగుటలో వారికి దక్కినది రూకలు కావు. పుస్తకము కొనువాడెవడో, కొనలేక చేతబట్టి చూచి తిరిగి యిచ్చువాడెవడో, చదువరాక ప్రక్కన కూర్చుండి వినువాడెవడో వారు కన్నులార చూచిరి. కలము పట్టినపుడెల్ల ఎవరికొరకు వ్రాయుచున్నామో వారికి తెలియును. నా యెరుకలో వారి పట్టుదలకు మూలమిదియే. తన వ్రాతను చదువు మనిషి ముఖమెరుగని రచయితకే విసుగు త్వరగా పుట్టును.

ఆంధ్ర మహాసభలో పనిచేసిన ఫలితముగ వారికి చెరసాల పలుమార్లు తప్పలేదు. 1948లో మన ఇందూరు ఖిల్లాలోని నాటి జైలున శ్రీ దాశరథి కృష్ణమాచార్యులు వారికి తోడుగ నుండిరి. అచట కాగితము లేదు, కలము లేదు. దాశరథిగారు బొగ్గుతో గోడలమీద పద్యములు వ్రాసిరి, కావలివారు తుడిచిరి, మరల వ్రాసిరి. తరువాత తమ అగ్నిధారను ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చిరి. ఆళ్వారుస్వామిగారి కన్ను తోడి ఖైదీల మీద నిలిచెను. దొంగలని, హంతకులని లోకము త్రోసిపుచ్చినవారి కథలు పిదప ‘జైలు లోపల’ అను సంపుటమాయెను. సంస్థానము 1948 సెప్టెంబరున భారతదేశమున విలీనమైన పిమ్మటను వారికి కొంతకాలము నిర్బంధము తప్పలేదు.

ఇంత తిరుగుడు నడుమ నవల యెట్లు సాగెను? 1937లో స్థాపితమై 2015లో మూతపడిన బోధను చక్కెర కర్మాగారమునకు చెరకు తోలిన మన పెద్దలకు ఒక సంగతి తెలియును: నాటిన చెరకు గానుగ చేరుటకు దాదాపు ఏడాది. ఆ నడుమ రైతు ప్రతిదినము ఆ పైరునే చూచుచు కూర్చుండడు. తక్కిన పనులన్నియు చేయును, కాని నీటి తడి మాత్రము తప్పింపడు. ఆళ్వారుస్వామిగారును పుస్తకములమ్మిరి, సభలు నడపిరి, పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. నవలను మాత్రము విడువలేదు. 1950ల దశకమున ‘ప్రజల మనిషి’ అచ్చయ్యెను. దొరల గడీలు, వెట్టి, వానికెదురు నిలిచిన పల్లెజనము అందు కానవత్తురు. తెలంగాణ జీవితమును చూపిన తొలి నవలలలో అది యొకటి.

ఆ కథ ఇంచుమించు 1940 నాటికి ఆగును. దానికి తరువాయి కాలమును చెప్పుటకు ‘గంగు’ను మొదలిడిరి. ఇది చేతనున్నప్పుడే 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలువదియైదేండ్ల ప్రాయమున, వారు పరమపదించిరి. మరణానంతరము ‘గంగు’ అసంపూర్ణముగనే పుస్తకరూపమున వెలువడెను.