సీటు కోసం వెళ్తే ఉద్యోగం ఇచ్చారు

మా షేక్‌పేటలో ఏ టీకొట్టు దగ్గర ఆగినా సినిమా పాటే. ఘంటసాల గొంతు వినపడితే నాకు ఆయన చదివిన విజయనగరం సంగీత కళాశాల, దాంతోపాటే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు గుర్తొస్తారు.

1893లో బెంగళూరులో పుట్టి విశాఖలో పెరిగారు. చూపు సరిగా ఆనక బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర వయొలిన్ పట్టారు. 1919లో ఆ కాలేజీ పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వెళ్తే, ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు వాయింపు విని ఏకంగా ప్రొఫెసర్‌గా తీసుకున్నారు! (మన ప్లేస్‌మెంట్లలో ఇలాంటివి ఆశించకండి.) 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

నాకు గొప్పగా అనిపించేది మాత్రం వేరే. అప్పట్లో కచేరీలో వయొలిన్ అంటే గాయకుడి పక్కన కూర్చుని, ఆయన వెనకే నడవాల్సిన వాద్యం. నాయుడు గారు దాన్ని వేదిక మధ్యకి తెచ్చారు. పాశ్చాత్యులు కమాను లాగే తీరు గమనించి, అందులో పనికొచ్చింది మన రాగానికి వాడుకున్నారు. గాయకుడే లేకుండా, ఒక్క వయొలిన్‌తో కచేరీ నిలబెట్టారు. కంటికి ఆనని లోకాన్నంతా చెవితోనే పట్టుకున్నారేమో అనిపిస్తుంది నాకు.

1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964లో కన్నుమూశారు. కూతురు మంగతాయారు గారూ వయొలిన్ విద్వాంసురాలే. విజయనగరంలో ఆ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది.