జట్టు చెదిరినా ఆట వదలని బేలా గుట్‌మన్

ఫుట్‌బాల్ అనగానే మనకు పీలే, మారడోనా గుర్తుకొస్తారు. మైదానం బయట నిలబడి జట్లను గెలిపించిన కోచ్‌ల పేర్లు అంతగా తెలియవు. అటువంటి వారిలో ప్రపంచ ప్రసిద్ధుడైన బేలా గుట్‌మన్ జీవితాన్ని, అమెరికాలో ఆయన ఆడిన ఒక అల్పాయుష్షు జట్టు కథను ఈ సంచికలో మన విద్యార్థులకు పరిచయం చేస్తున్నాం.

గుట్‌మన్ 1899లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు నాట్యం నేర్పేవారు. ఆయన కూడా 16 ఏళ్లకే నాట్య శిక్షకుడయ్యారు. కానీ మనసంతా బంతి మీదే. ఎం.టి.కె. జట్టు తరఫున ఆడి 1920, 1921లో దేశ విజేతగా నిలిచారు. అయితే హంగేరీలో యూదులపై ద్వేషం పెరగడంతో ఆస్ట్రియాలోని వియన్నాకు వెళ్లిపోయారు.

వియన్నాలో చాలా క్రీడా సంఘాలు యూదులను చేర్చుకునేవి కావు. అందుకే వారు 1909లో సొంతంగా హకోవా అనే సంఘం పెట్టుకున్నారు. హీబ్రూ భాషలో ఆ పేరుకు బలం అని అర్థం. తమను రానివ్వని ఊళ్లోనే ఆ జట్టు 1925లో ఆస్ట్రియా లీగ్ గెలిచింది. ఆ జట్టులో గుట్‌మన్ ఉన్నారు.

1926లో హకోవా అమెరికా పర్యటనకు వెళ్లింది. న్యూయార్క్‌లో ఒక్క మ్యాచ్‌కే 46 వేల మంది వచ్చారు. మంచి జీతాలు, గౌరవం దొరకడంతో గుట్‌మన్‌తో పాటు చాలామంది ఆటగాళ్లు అక్కడే ఉండిపోయి వేర్వేరు జట్లలో చేరారు. 1928లో అమెరికన్ లీగ్‌కు, ఫుట్‌బాల్ సమాఖ్యకు తగాదా వచ్చింది. ఆ సమయంలో ఈ పాత మిత్రులంతా ఒక్కచోట చేరి న్యూయార్క్ హకోవాగా ఏర్పడ్డారు. మరుసటి ఏడాదే సెయింట్ లూయిస్ జట్టును ఫైనల్లో రెండు మ్యాచ్‌లలోనూ ఓడించి జాతీయ కప్పు అందుకున్నారు.

ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలింది. గుట్‌మన్ కూడబెట్టిన సొమ్ము పోయింది. టికెట్ కొనే జనం తగ్గారు. 1930లో బ్రూక్లిన్ హకోవాతో కలిసి హకోవా ఆల్‌స్టార్స్‌గా మారిన జట్టు 1932 నాటికి కనుమరుగైంది.

గుట్‌మన్ ఉత్త చేతులతో ఐరోపా తిరిగొచ్చి 1933లో వియన్నా హకోవాకే కోచ్ అయ్యారు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి ఆ సంఘాన్నే రద్దు చేశారు. 1944లో ఆయన బుడాపెస్ట్ దగ్గర ఒక అటక మీద దాక్కున్నారు. తర్వాత నిర్బంధ శ్రమ శిబిరంలో చిక్కి, అక్కడి నుంచి తప్పించుకున్నారు. తండ్రిని, సోదరిని నాజీలు పొట్టన పెట్టుకున్నారు.

అంత పోగొట్టుకున్న మనిషి మళ్లీ మైదానానికే వచ్చారు. ఇటలీ, బ్రెజిల్, పోర్చుగల్ ఇలా దేశదేశాల్లో శిక్షణ ఇచ్చారు. మాట పడే స్వభావం కాదు కాబట్టి యాజమాన్యాలతో గొడవపడి ఎక్కడా ఎక్కువ కాలం ఉండలేదు. పోర్చుగల్‌లోని బెన్‌ఫికా జట్టును మాత్రం 1961లో, 1962లో వరుసగా యూరోపియన్ కప్ విజేతగా నిలిపారు. మొదటిసారి బార్సిలోనాపై 3-2తో, రెండోసారి రియల్ మాడ్రిడ్‌పై 5-3తో గెలుపు. ఆఫ్రికాలోని మొజాంబిక్ నుంచి వచ్చిన యుసేబియో అనే నల్లజాతి కుర్రవాడిని జట్టులోకి తెచ్చింది ఆయనే. ఆ రెండో ఫైనల్లో యుసేబియో రెండు గోల్స్ కొట్టాడు. గుట్‌మన్ 1981లో వియన్నాలో కన్నుమూశారు.

న్యూయార్క్‌లో ఆ జట్టు బతికింది నాలుగేళ్లే. మన హాస్టల్ జట్లకు అంత ఆయుష్షు కూడా ఉండదు. పదో తరగతి అయిపోగానే గోల్ కీపర్ ఒక ఊరికి, కెప్టెన్ ఇంకో ఊరికి వెళ్లిపోతారు. కానీ కలిసి నేర్చుకున్నది ఎవరి వెంట వారికి వెళుతుంది. దాన్ని వదలకుండా పట్టుకున్నవాడికి మళ్లీ ఒక జట్టు దొరుకుతుందని గుట్‌మన్ జీవితం మనకు చెబుతోంది.