లైనస్ పౌలింగ్: ఒక నల్ల రాయితో మొదలైన పరిశోధన

ఫిబ్రవరి 28 అంటే మన పిల్లలకు సైన్స్ ఎగ్జిబిషన్ రోజు. చార్టులు, థర్మోకోల్ మోడళ్లు ముందేసుకుని ముందు రోజు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుంటాం. సి.వి. రామన్ పేరుతో ముడిపడిన ఆ తేదీనే, 1901లో, అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో లైనస్ పౌలింగ్ పుట్టాడు. రసాయన శాస్త్రానికి ఒకటి, శాంతికి ఒకటి, రెండు నోబెల్ బహుమతులు ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్న ఒకే ఒక్కడు. ఆయన పేరెత్తగానే ఆ బహుమతులే గుర్తొస్తాయి. ఈ నెల మేం చెప్పదలచింది ఆయన మొదటి పరిశోధన గురించి, అక్కడి దాకా రావడానికి ఆ ఇల్లు పడ్డ పాట్ల గురించి.

తండ్రి హెర్మన్‌ది మందుల షాపు. కొడుకు పుస్తకాలు చదివే వేగం చూసి, వాడికి ఇంకేం ఇవ్వాలో సలహా చెప్పమని 1910లో అక్కడి దినపత్రికకు ఉత్తరం రాశాడు. అది అచ్చయిన కొన్ని వారాలకే కడుపులో పుండు ముదిరి చనిపోయాడు. లైనస్‌కి అప్పుడు తొమ్మిదేళ్లు, కింద ఇద్దరు చెల్లెళ్లు. తల్లి బెల్ ఇంట్లో గదులు అద్దెకిచ్చి సంసారం నెట్టుకొచ్చింది. ఆమెకు రక్తహీనత, ఒంట్లో ఓపిక ఉండేది కాదు.

పిల్లవాడికి రాళ్ల పిచ్చి. దొరికిన ఖనిజమల్లా ఏరుకొచ్చి, లైబ్రరీ పుస్తకాల్లో దాని పేరు వెతికేవాడు. 13 ఏళ్లప్పుడు లాయిడ్ జెఫ్రెస్ అనే స్నేహితుడు తన గదిలో పంచదార మీద ఆమ్లం పోసి నల్లటి బొగ్గు చేసి చూపించాడు. ఆ రోజు నుంచి లైనస్‌కి కెమిస్ట్రీయే లోకం. మూతబడ్డ ఒక ఇనుము ఫ్యాక్టరీలో మిగిలిపోయిన రసాయనాలు తెచ్చుకుని ఇంటి నేలమాళిగలో ల్యాబ్ పెట్టుకున్నాడు. (ఇది మాత్రం మన పిల్లలు అనుసరించదగ్గది కాదు!)

హైస్కూల్లో అమెరికా చరిత్ర కోర్సు రెండు భాగాలూ ఒకేసారి చదువుతానన్నాడు. ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. సర్టిఫికెట్ లేకుండానే బడి వదిలేశాడు. అప్పటికే ఒక మెషిన్ షాపులో పని దొరికింది, జీతం పెంచుతామన్నారు కూడా. తల్లి ఆ ఉద్యోగంలోనే ఉండిపొమ్మంది. ఆమెను తప్పుపట్టడం తేలికే. కానీ నెల తిరిగేసరికి ఇల్లు గడవాలన్న దిగులు మనలో చాలామందికి తెలియనిదా? 1917లో అతను కార్వాలిస్‌లోని వ్యవసాయ కళాశాలలో చేరాడు. రెండేళ్ల తర్వాత డబ్బు పూర్తిగా అయిపోయి, చదువు ఆగిపోయేలా ఉంటే, ఆ కాలేజీయే 18 ఏళ్ల కుర్రాడికి పాఠం చెప్పే ఉద్యోగం ఇచ్చింది. తానప్పుడే చదివిన సబ్జెక్టును తనకన్నా పెద్దవాళ్లకు చెప్పాడు. తర్వాత అలాంటి ఒక క్లాసులోనే, కాబోయే భార్య ఏవా హెలెన్ విద్యార్థినిగా పరిచయమైంది.

1922లో కాల్టెక్‌లో చేరాడు. రోస్కో డికిన్సన్ దగ్గర నేర్చుకున్నది ఒక కొత్త విద్య: స్ఫటికంలోకి ఎక్స్ కిరణాలు పంపితే ఫొటో ప్లేటు మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల ముగ్గును బట్టి లోపల పరమాణువులు ఎలా కూర్చున్నాయో లెక్కగట్టాలి. మొదటి వారాల్లో లైనస్ పదికి పైగా స్ఫటికాలు స్వయంగా తయారుచేశాడు. ఏదీ పనికిరాలేదు. చివరికి డికిన్సన్ మాలిబ్డినైట్ అనే ఖనిజాన్ని తెచ్చి దారి చూపించాడు. అది మాలిబ్డినం, గంధకం కలిసిన నల్లటి, జిడ్డుగా తగిలే రాయి. గీస్తే పెన్సిల్ సీసంలా గీత పడుతుంది.

లెక్క తేలాక కనిపించింది పూతరేకుల్లాంటి నిర్మాణం. రెండు గంధకపు వరుసల మధ్య ఒక మాలిబ్డినం వరుస, ఈ మూడూ కలిసి ఒక పొర. పొరలోపల బంధాలు గట్టివి. పొరకీ పొరకీ మధ్య పట్టు చాలా తక్కువ, అందుకే జారుడు. ఆరు పొరుగు పరమాణువులుంటే అవి అష్టముఖి ఆకారంలో అమరడం అప్పటికి మామూలు. ఇక్కడ మాత్రం ఆరు గంధకాలూ మాలిబ్డినం చుట్టూ త్రిభుజాకార పట్టకంలా ఉన్నాయి. ఉత్సాహంలో లైనస్ తన ఒక్కడి పేరుతోనే వ్యాసం రాసేశాడు. విభాగాధిపతి నోయిస్ పిలిచి, డికిన్సన్ సాయం ఎంతుందో మెత్తగా గుర్తుచేశాడు. 1923లో వ్యాసం ఇద్దరి పేర్లతో వచ్చింది, డికిన్సన్ పేరే ముందు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. రసాయన బంధాల మీద కృషికి 1954లో నోబెల్, అణుపరీక్షలకు వ్యతిరేకంగా పోరాడినందుకు 1962 సంవత్సరపు శాంతి బహుమతి. పాత హైస్కూలు కూడా 1962లోనే, 45 ఏళ్ల తర్వాత, సర్టిఫికెట్ ఇచ్చింది. అవన్నీ చూడటానికి తల్లి లేదు, ఆయన యూరప్‌లో చదువుకుంటుండగా 1926లోనే పోయింది. విటమిన్ సి గురించి పెద్ద వయసులో ఆయన చేసిన భారీ వాదనలు మాత్రం వైద్య పరీక్షల ముందు నిలవలేదు. 1994లో, 93వ ఏట కన్నుమూశారు.

ఆయన పోయిన 16 ఏళ్లకు, 2010లో, ఆ నల్ల రాయి వెలిగింది. ఒక్కో పొరను వేరుచేయడం అప్పటికి వచ్చేసింది, మామూలు అంటుకునే టేపుతో ఒలిచినా చాలు. ఒంటి పొర మందం మిల్లీమీటరులో పది లక్షల వంతుకన్నా తక్కువ. దానిమీద లేజర్ కాంతి వేస్తే ఎర్రగా తిరిగి వెలుగునిచ్చింది, మందపాటి రాయి కన్నా పది వేల రెట్లకు పైగా సమర్థంగా. రాయిలో ఎలక్ట్రాన్ కిందికి దిగాలంటే నేరుగా మెట్లు లేవు, పక్కింటి మేడ మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఆ తిరుగుడులో శక్తి వేడిగా పోతుంది. ఒంటి పొరలో మెట్లు సరిగ్గా కాళ్ల కిందే ఉంటాయి. దిగిన ఎలక్ట్రాన్ తన శక్తిని కాంతిగా వదిలేస్తుంది.

ఇలాంటి పొరలతో అతి పలుచని దీపాలు, కాంతిని పసిగట్టే పరికరాలు చేయాలని ఇప్పుడు ఎన్నో ల్యాబుల్లో ప్రయత్నిస్తున్నారు. ఆ పొర బొమ్మ గీయాల్సి వస్తే వాళ్లు గీసేది 1923 వ్యాసంలోని ఆ పట్టకాన్నే.